లేని చేపలకు మేత

అక్క ఇరవై ఆరేళ్లు సిటీ బస్సులో కండక్టరుగా పనిచేసింది. ఆమె వంటింట్లో నిలబడి "రైట్ రైట్" అంటే వీధిలో ఆగిన సైకిళ్లు కూడా కదిలిపోతాయని చెల్లెలు ఎగతాళి చేసేది. ఇద్దరికీ పెళ్లి మీద మనసు పోలేదు. ముందుగదిలో చెల్లెలు కుట్టుమిషను పెట్టుకుంది. బడి యూనిఫాంలు, ఆసుపత్రి నర్సుల కోట్లు కుట్టేది. సాయంత్రం అక్క వచ్చి చెప్పులు విడుస్తూనే ఆ రోజు బస్సులో జరిగినవన్నీ చెప్పేది. వినకపోయినా చెప్పేది.

రోగం ఊపిరితిత్తుల్లో మొదలై వెన్నులోకి పాకింది. చలికాలం వచ్చేసరికి అక్క ముందుగదిలో వేసిన మంచం మీద కుడి పక్కకు తిరిగి పడుకోవడం తప్ప మరేమీ చేయలేకపోయింది. ఆ పక్కన గోడ, గోడకు ఆనించి చెల్లెలు గుడ్డలు కత్తిరించే బల్ల. కిటికీ వీపు వెనక ఉంది.

"ఈ గోడకి నన్ను చూసీ చూసీ విసుగొచ్చిందే చిట్టీ" అంది ఒక ఉదయం. "ఏదైనా కదిలేది పెట్టవే. టీవీ వద్దు, అందులో అందరూ అరుస్తారు. ఈ ఇంట్లో నేను అరిచింది చాలు. ఆసుపత్రిలో, మనం కూర్చున్న చోట చేపలుండేవి చూడు, అలాంటివి."

చెల్లెలికి చేపల గురించి ఏమీ తెలియదు. మధ్యాహ్నం పక్కింటావిడను అక్క దగ్గర కూర్చోబెట్టి రెండు వీధుల అవతల ఉన్న అక్వేరియం కొట్టుకు వెళ్లింది. కొట్టాయన కళ్లజోడు దారానికి కట్టి మెడలో వేసుకున్న మనిషి. తొందరలేని మనిషి. రెండడుగుల గాజు తొట్టి, గులకరాళ్లు, ఫిల్టరు, రెండు నీటిమొక్కలు తీసి వరసగా పెట్టాడు.

"మరి చేపలు?" అంది ఆమె.

"ఇప్పుడే ఇవ్వనమ్మా. చేపలు విసర్జించేది నీళ్లలో విషమవుతుంది. ఆ విషాన్ని తినేసే సూక్ష్మజీవులు ఫిల్టరు స్పంజిలో పుట్టి పెరగాలి. నాలుగు వారాలు పడుతుంది, ఒక్కోసారి ఆరు. అప్పుడు రండి, మీరే ఏరుకుందురు గాని."

ఆమె వేళ్ల మీద వారాలు లెక్కపెట్టుకుంది. అంతకు ముందు మంగళవారమే డాక్టరు ఆమెను గది బయటికి పిలిచి, "నెల, మహా అయితే నెలన్నర" అన్నాడు. ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. అక్కకు అసలే చెప్పలేదు. కొట్టాయనకు చెప్పడానికీ నోరు రాక, సామాను మోయించుకుని ఇంటికి వచ్చేసింది.

కత్తిరించే బల్ల మీది గుడ్డలన్నీ దించి తొట్టిని దాని మీద పెట్టింది. నీళ్ల బరువుకు ఆగే బల్ల ఇంట్లో అదొక్కటే. ఇక గుడ్డలు నేల మీదే కత్తిరించుకోవాలి. గులకరాళ్లు తొమ్మిదిసార్లు కడిగినా, పదోసారికి గాని నీళ్లు తేటపడలేదు. అక్క పడుకున్న చోటి నుంచే హుకుములు జారీ చేసింది. "ఆ మొక్క వెనక్కి జరుపు. ఎక్కేవాళ్లకి దిగేవాళ్లకి అడ్డంగా ఉంది."

మర్నాడు చెల్లెలు మార్కెట్లో ఏ ప్రశ్నలూ అడగని ఇంకో కొట్టుకు వెళ్లి నాలుగు గోల్డుఫిష్‌లు తెచ్చింది.

అక్క ముఖం వెలిగిపోయింది. చాలా నెలల తరవాత ఆ ముఖంలో వెలుగు చూడడం అదే మొదటిసారి. చేపలకు తను తిరిగిన బస్సుల నంబర్లు పెట్టింది. తోక మీద నల్లమచ్చ ఉన్నది ఏడో నంబరు. బద్ధకంగా తిరిగేది పద్దెనిమిది. "అది ఎప్పుడూ లేటే" అంది. ఆ రెండు రోజులూ నొప్పి మాత్ర కోసం అడగడం కూడా తగ్గించింది.

మూడో రోజు చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తూ ఆయాసపడ్డాయి. నాలుగో రోజు తెల్లవారుజామున ఏడో నంబరు వెల్లకిలా తేలింది. అక్క లేవకముందే చెల్లెలు దాన్ని తీసి పారేసి, కొట్టు తెరిచే వేళకు పరుగెత్తి అలాంటిదే ఇంకొకటి తెచ్చి వేసింది. మరుసటి రోజు పద్దెనిమిది. తరవాత మళ్లీ ఏడు. ఆ వారం ఆమె కళ్లల్లో వత్తులు వేసుకుని తెల్లవారేదాకా తొట్టిని కాచింది.

"చిట్టీ, ఇలా రా" అంది అక్క ఆరో రోజు. "ఏడో నంబరుకి తోక మీద మచ్చ ఉండాలి. ఏదీ?"

"పోయిందేమో. నీళ్లు మారాయి కదా, రంగులు మారతాయట."

"చల్లకొచ్చి ముంత దాచకే. ఇరవై ఆరేళ్లు టిక్కెట్లు కొట్టినదాన్ని. బస్సు నిండా జనమున్నా, ముఖం చూసి టిక్కెట్టు లేనివాడెవడో చెప్పేదాన్ని. నువ్వు మంగళవారం నుంచీ ఆ ముఖమే పెట్టుకుని తిరుగుతున్నావు." కాసేపు ఊపిరి తీసుకుంది. "డాక్టరు ఎన్నాళ్లన్నాడు?"

చెల్లెలు మంచం పట్టె పట్టుకుని నేల మీద కూలబడింది. డాక్టరు అన్నదీ, అక్వేరియం కొట్టాయన అన్నదీ రెండూ చెప్పింది. చెబుతూ చెబుతూ అక్క చేతిలో తల పెట్టి ఏడ్చింది. అక్క ఏడవలేదు. నీళ్లలో మిగిలిన చేపలు నోళ్లు తెరుచుకుంటుంటే వాటికేసి చూస్తూ, "వీటిని తీసుకెళ్లి ఆ కొట్టాయనకిచ్చెయ్. బతికితే బతుకుతాయి" అంది. "నా కోసం ఇంకేదీ చావకూడదు. పద్ధతిగా మొదలుపెట్టు."

"పద్ధతిగా అంటే నెల పడుతుందక్కా."

"పట్టనీ. నా సరదా కోసం వాటి ఊపిరి తీస్తామా? ఊపిరాడకపోతే ఎలా ఉంటుందో నాకు తెలుసు."

కొట్టాయనతో ఈసారి చెల్లెలు ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆయన కోప్పడలేదు. ఆ చేపలను నెమ్మదిగా ఒక పెద్ద తొట్టిలోకి మార్చాడు. తరవాత తన పాత తొట్టి ఫిల్టరులోంచి నల్లగా జిడ్డుగా ఉన్న స్పంజిని సగం కోసి, తడి ఆరకుండా సంచిలో కట్టి ఇచ్చాడు. "ఇందులో ఆ సూక్ష్మజీవులున్నాయి. మీ ఫిల్టరులో పెట్టండి, త్వరగా అవుతుంది. రోజూ చిటికెడు మేత వెయ్యండి, చేపలు లేకపోయినా సరే. అది కుళ్లితేనే వీటికి తిండి. ఈ మందు చుక్కలతో నీళ్లు పరీక్ష చేసుకోండి. ఆకుపచ్చ వస్తే విషం ఉన్నట్టు. పసుపు వచ్చాక రండి."

నీళ్లు చాలావరకు మార్చి, స్పంజి పెట్టి మళ్లీ మొదలుపెట్టారు. ప్రతి ఉదయం చెల్లెలు తొట్టి నీళ్లలో మందు చుక్కలు కలిపిన గాజుగొట్టం పట్టుకుని అక్క కళ్ల ముందు ఆడించేది. "పచ్చే" అనేది అక్క. తరవాత మేత. "లేని చేపలకు భోజనం పెట్టే ఇల్లు మనదొక్కటే" అని నవ్వి, నవ్వుకు దగ్గు వచ్చి, దగ్గుకు కళ్లనీళ్లు వచ్చేవి. మొక్కలతో పాటు ఎప్పుడో వచ్చిన నత్త ఒకటి గాజు మీద పాకుతూ కనిపించింది. ఇక రోజంతా దానితోనే కాలక్షేపం. "పొద్దున్న ఆ మూల బయల్దేరింది, ఇంకా రెండో స్టాపు దాటలేదు" అనేది. చెల్లెలు మిషను ఆపి లేచి వచ్చి చూసేది. ఇద్దరూ ఒకేచోటికి చూస్తూ అలా ఊరికే గడపడం చిన్నప్పటి తరవాత అదే మొదలు.

అలా మళ్లీ మొదలుపెట్టిన పద్దెనిమిదో రోజున అక్కకు ఊపిరి అందలేదు. ఆసుపత్రికి తీసుకెళ్లారు.

మరో మూడు రోజులకు, బట్టలు తీసుకెళ్లడానికి ఇంటికి వచ్చిన చెల్లెలు అలవాటు కొద్దీ నీళ్లు పరీక్ష చేసింది. పసుపు వచ్చింది. నమ్మకం కలగక ఇంకోసారి చేసింది. పసుపే. గొట్టానికి బిరడా బిగించి, రుమాల్లో చుట్టుకుని ఆసుపత్రికి పట్టుకెళ్లింది.

అక్క ఆక్సిజన్ మాస్కు కిందికి లాగి గొట్టంకేసి చూసింది. "పసుపు" అంది. ఆ గొంతు పక్క మంచానికి కూడా వినిపించలేదు.

"ఏం చేపలు తేనక్కా? గోల్డుఫిష్‌లు వద్దన్నాడు కొట్టాయన, పెద్దవైపోతాయట, ఆ తొట్టి చాలదట. ఒంటిగా ఉండే రంగుల చేప ఒకటుంది, చాలా అందంగా ఉంది. లేదంటే చారల చేపలు, చిన్నవి, అరడజను కలిసి తిరుగుతాయి."

"ఒంటిది వద్దు" అంది అక్క. కళ్లు మూసుకుని, మళ్లీ తెరిచి, "ఆరూ కలిసి తిరిగేవే తే. ఇంట్లో సందడి ఉండాలి నీకు" అంది.

మర్నాడు మధ్యాహ్నం అక్క పోయింది. చెల్లెలు ఆ సమయానికి డాక్టరు రాసిచ్చిన మందు కోసం కింది అంతస్తులో వరసలో నిలబడి ఉంది.

తరవాతి రోజుల్లో బంధువులు వచ్చారు, వెళ్లారు. చెల్లెలు ఎవరి ముందూ ఏడవలేదు. అడిగినవాళ్లకు జవాబు చెప్పింది, పెట్టింది తింది. రోజూ ఉదయం లేచి ఖాళీ తొట్టిలో చిటికెడు మేత మాత్రం వేసింది. ఎందుకు వేస్తున్నదో ఆలోచించలేదు, చెయ్యి దానంతటదే పోయేది. పన్నెండో రోజున కొట్టుకు వెళ్లి ఆరు చారల చేపలు అడిగింది. కొట్టాయన ఆమె ముఖం చూసి, వల పట్టుకుని, చురుగ్గా ఉన్నవాటిని ఒక్కొక్కటిగా ఏరి ఇచ్చాడు. ఆయన చెప్పినట్టే చేపలున్న సంచిని తొట్టి నీళ్లలో పావుగంట తేలనిచ్చి, సంచిలోకి కొంచెం కొంచెంగా ఆ నీళ్లే పోసి, అప్పుడు వదిలింది. ఆరూ మొక్క వెనక గుంపుగా దాక్కున్నాయి. రెండో రోజుకి తొట్టంతా తిరిగాయి. ఒక్కటీ చావలేదు.

వారం తిరిగాక ఒక టీచరమ్మ కోటు కొలతలివ్వడానికి వచ్చింది. భుజాలు కొలుస్తుంటే ఆమె తొట్టికేసి చూస్తూ, "ఎంత బాగున్నాయో! ఎన్నాళ్ల నుంచి పెంచుతున్నారండీ?" అంది.

"వారం" అంది చెల్లెలు. వెంటనే, "కాదు... రెండు నెలలు. మా అక్క..." అంటూ ఆగిపోయింది. టేపు మీది అంకెలు అలుక్కుపోయాయి. అక్క పోయిన రోజునుంచీ రాని ఏడుపు, కొత్త మనిషి ముందు, ఆమె భుజం మీద టేపు పట్టుకుని ఉండగానే వచ్చేసింది.

టీచరమ్మ కంగారుపడలేదు, సముదాయించలేదు. చేతిసంచి కింద పెట్టి, మిషను ముందున్న కుర్చీ జరిపి ఆమెను కూర్చోబెట్టి, తను పక్కనే నిలబడింది. చాలాసేపటికి చెల్లెలు పైటతో ముఖం తుడుచుకుని లేచింది. "ఇటు తిరగండమ్మా" అంటూ భుజాలు మళ్లీ మొదటి నుంచి కొలిచింది.