నా పేరు మీద వెళ్ళిన జవాబు

"ఈ ఫైలు ఎవరు ముట్టుకున్నారు?"

దుమ్ము దులుపుతూ అల్మారాలో నీలం ఫైలు పై అర నుంచి కింది అరలోకి మార్చాను. అంతే. దానికి మా ఆయన ఇల్లు పీకి పందిరేశాడు. "పాస్‌పోర్టులున్న ఫైలది. నీ శుభ్రం పిచ్చి తగలెయ్య!"

"పొద్దున్నే గొడవెందుకురా?" అన్నారు అత్తగారు. వెంటనే నా వైపు తిరిగి, "నువ్వైనా అడిగి తీయొచ్చుగా అమ్మా?" ఆవిడ న్యాయం ఇద్దరికీ సమానంగానే వడ్డిస్తారు. నా గిన్నెకే చిల్లు.

నాకు కోపం రాలేదు, అనుమానం వచ్చింది. చొక్కా గుండీ ఊడి మూడు రోజులైనా గమనించని మనిషి, ఫైలు జానెడు జరిగితే ఉలిక్కిపడ్డాడు. ఆయన ఈ పరాయి దేశంలో పరిశోధక విద్యార్థి. నేను ఆయన వీసాకి తోకలా వచ్చిన భార్యను. మూడేళ్ళుగా ఫారాలన్నీ ఆయనే నింపుతాడు. నా పేరున ఈమెయిల్ తెరిచిందీ, పాస్‌వర్డ్ పెట్టుకుందీ ఆయనే. వృత్తి అన్న గడిలో 'ఏమీ లేదు' అని రాసి, సంతకం ఎక్కడో వేలితో చూపిస్తాడు. ఆయన చదివే యూనివర్సిటీలోనే నేను పీజీకి దరఖాస్తు పెట్టి నాలుగు నెలలైంది. అడిగినప్పుడల్లా, "వస్తే చెప్తాగా! వచ్చినా నీది డిపెండెంట్ వీసా, చదవనివ్వరు" అనేవాడు. రాని సీటుకి ముందే ఓదార్పు ఎందుకు?

మధ్యాహ్నం కూరగాయలకని చెప్పి విదేశీ విద్యార్థుల ఆఫీసుకి వెళ్ళాను. కౌంటర్లో ఆవిడ నా వివరాలు తీసి ఓపిగ్గా చెప్పింది. "మీకు రెండు దారులు. ఇక్కడి నుంచే విద్యార్థి వీసాకి మార్చమని అడగొచ్చు. నెలలు పడుతుంది, మారేదాకా క్లాసులో కూర్చోకూడదు. లేదా మీ దేశం వెళ్ళి కొత్త వీసాతో రావచ్చు. త్వరగా తేలుతుంది, కానీ వాళ్ళు కాదంటే తిరిగి రాలేరు. ఇదంతా పోయిన నెలే రాశాం కదా? సీటు వద్దని మీరే జవాబిచ్చారు."

కంప్యూటర్ తెర నా వైపు తిప్పింది. 'కుటుంబ బాధ్యతల దృష్ట్యా...' నా పేరు కింద నేను రాయని నాలుగు వాక్యాలు. ఎంత మర్యాదగా ఉన్నాయో! ఇంట్లో నాతో ఏనాడైనా అంత మర్యాదగా మాట్లాడాడా అని నవ్వొచ్చింది.

"సీటు ఇంకా ఖాళీగానే ఉంది. రేపటితో గడువైపోతుంది," అంది ఆవిడ.

భోజనాల దగ్గర అత్తగారు అడిగారు. "కూరగాయలకి అంతసేపా?"

"కూరగాయలు తేలేదత్తయ్యా. సీటు తెచ్చుకున్నాను. నేను వద్దన్నానట, ఆ సీటు."

మా ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "నీ మంచికే చేశాను. వెళ్ళి వీసా రాకపోతే అక్కడే ఇరుక్కుపోతావు."

"ఏం చేశావురా?" అన్నారు అత్తగారు. ఆయన మంచినీళ్ళు తాగాడు. గ్లాసు ఖాళీ అయ్యాక కూడా దించలేదు.

"రెండో దారినే, మన దేశం వెళ్తున్నాను," అన్నాను ఆయనతో. "నెలాఖరుకి ప్రయాణం. వీసా ఇస్తే నా వీసా మీద వస్తాను. ఇవ్వకపోతే, ఈసారైనా కాదన్నది ఎవరో నాకు తెలుస్తుంది. ఆ జవాబు నాది కాదని ఆఫీసులో రాసిచ్చాను. మరి ఎవరు రాశారని అడిగారు. శుక్రవారం లోపు మీరు వెళ్ళి చెప్పండి. లేదంటే నేనే చెప్తాను."