కుట్టకుండా ఇచ్చిన జెండా

మా దేశం రేపు ఎవరితో చెయ్యి కలపబోతోందో మంత్రులకన్నా ముందు మా అత్తగారికి తెలిసేది. మంత్రుల్లో సగంమంది రేడియోలో విని నోరు వెళ్ళబెట్టేవాళ్ళు. ఆవిడ అప్పటికే ఆ కొత్త స్నేహానికి అంచు మడిచి కుట్టేసి ఉండేది. ప్రభుత్వానికి జెండాలు కుట్టే కొట్టు మాది. మాది అంటే ఆవిడది. నేను ఇల్లరికపు అల్లుణ్ణి, కత్తెర పట్టేవాణ్ణి.

ఒకటే గది. కిటికీ కింద ఆవిడ మిషను, ఎదురుగా నా కత్తిరింపుల బల్ల, మూలన బొగ్గుల ఇస్త్రీపెట్టె. తడి నూలుబట్ట మీద ఇస్త్రీ చేస్తున్న వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే చాలు, ఆవిడ గొంతు వినపడుతుంది. "ఏమయ్యా, బట్ట కత్తిరిస్తున్నావా, కొరుకుతున్నావా?" నలుగురి ముందూ 'అల్లుడుగారు'. వాళ్ళు గుమ్మం దిగగానే 'ఏమయ్యా'. పెళ్ళైన కొత్తలో ఒళ్ళు మండిపోయేది. ఇప్పుడు ఆ పిలుపు కోసం ప్రాణం కొట్టుకుంటుంది.

ఆ రోజుల్లో ఆవిడకి రెండు కళ్ళలోనూ శుక్లాలు. సూదిలో దారం నేను ఎక్కించి ఇవ్వాలి. మిషను పని అలవాటు మీద సాగిపోయేది కానీ, జెండా మధ్యలో గుర్తు చేత్తో అతికేటప్పుడు వేళ్ళనిండా సూదిపోట్లే. ఆపరేషనుకి వచ్చేనెల వంతు వచ్చింది. ఊరి చివర కంటాసుపత్రిని ఒక చిన్న దేశం కట్టించింది. డాక్టర్లూ వాళ్ళే, మందులూ వాళ్ళవే, పైసా తీసుకునేవారు కాదు. ఊరికే కాదులెండి, వాళ్ళది దేశమేనని మేం ఒప్పుకున్నందుకు. పక్కనున్న పెద్ద దేశమేమో 'అది దేశమే కాదు, మాలో ముక్క' అంటుంది. ఇద్దరితోనూ చుట్టరికం కుదరదు. ఒకరి జెండా ఎక్కిందంటే రెండోవాళ్ళు మూటాముల్లె సర్దుకోవాల్సిందే.

ఒక మధ్యాహ్నం ప్రొటోకాల్ ఆఫీసరు వచ్చి తలుపు దగ్గరికి వేశాడు. చంకలో బట్ట తాను, జేబులో జెండా బొమ్మ.

"సోమవారం పొద్దున్నకి నలభై కావాలమ్మా. బయటికి పొక్కితే మీ కొట్టూ ఉండదు, నా ఉద్యోగమూ ఉండదు."

అత్తగారు బొమ్మని ముక్కుకి ఆనించుకుని చూసింది. పెద్ద దేశం జెండా.

"ఏమిస్తామన్నారు బాబూ వాళ్ళు?"

"ఓడరేవు. స్టేడియం కూడా."

"మంచిదే. అందులో నాకు పరుగు పందెం పెట్టండి."

ఆయన నవ్వాలో వద్దో తెలియక వెళ్ళిపోయాడు. సోమవారం ఈ జెండాలు ఎక్కితే ఆసుపత్రి మూత. ఆవిడ వంతు గల్లంతే.

"డాక్టరుగారి దగ్గరికి వెళ్ళొద్దాం పద," అంది.

"అత్తయ్యా, మీకు దణ్ణం పెడతాను! మీ అమ్మాయికి నెలలు నిండుతున్నాయి. ఈ కొట్టు పోతే నడిరోడ్డున పడతాం."

"నేను నోరు విప్పితే అప్పుడు అడుగు."

గాలికి జెండా చివర పీలికలైపోతుంది. ఆసుపత్రి జెండా ఏటా మా దగ్గరికే వచ్చేది. చిరిగినంత మేర కత్తిరించి, మళ్ళీ అంచు కుట్టి ఇచ్చేవాళ్ళం. ఆ వారం అది కొట్లోనే ఉంది. ఆవిడ దాన్ని చిరుగుతోనే నాలుగు మడతలు పెట్టి, నా భుజం పట్టుకుని ఆసుపత్రికి నడిచింది.

డాక్టరు మడత విప్పి చూశాడు. ఆయనకి మా భాష అంతంతమాత్రం.

"అమ్మా, కుట్టలేదు?"

"ఇక కుట్టక్కర్లేదు బాబూ. మీ పెట్టెలో పెట్టుకోండి."

"సోమవారానికి కుట్టి ఇస్తారా?"

"సోమవారానికి నాకు చేతినిండా పనుంది."

ఆయన ఆ చిరుగుని వేళ్ళతో సర్ది, జెండాని మళ్ళీ మడిచాడు. లేచి చేతులు కడుక్కున్నాడు. వచ్చేనెల వంతులవాళ్ళకి వెంటనే రమ్మని ఆ సాయంత్రం నుంచే కబుర్లు వెళ్ళాయి. మొదటి కబురు మా అత్తగారికే.

ఆవిడ కదల్లేదు. "ఆపరేషనైతే వంగి కుట్టకూడదంటారు. ఈ నలభై ఎవరు కుడతారు, నువ్వా?"

నిజమే, గుర్తు అతకడం నాకెన్నడూ చేతకాలేదు. నా భార్య కాళ్ళకి నీరు పట్టి మంచం మీద ఉంది. జెండాలు అందకపోతే గుట్టు ఎవరు విప్పారని ఆరా మొదలవుతుంది. "వంతుల్లో మన పాలావిడ కూడా ఉందిగా, ముందు ఆమెని పొమ్మను," అంది అత్తగారు. " తర్వాత కండక్టరు వాళ్ళమ్మని. నేను చివర్న వెళ్తాలే."

సోమవారం పొద్దున్నే చివరి జెండా దారం తెంపి, ఉతికిన బట్టలు కట్టుకుని నాతో వచ్చింది. గేటుకి తాళం. దాన్ని చేత్తో తడిమి చూసింది.

"మంచి తాళమే వేశారు," అంది.

ఆ రోజు నేను ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు, ముద్ద మాత్రం ముట్టలేదు. మనవరాలు పుడితే ముఖమంతా వేళ్ళతో తడిమి, "ముక్కు తండ్రిదే వచ్చింది, ఏం చేస్తాం!" అని నిట్టూర్చింది. పాలావిడ వీధిలో ఎదురై "ఈ ఎర్రశాలువా మీకు బాగుందమ్మా" అంటే మాత్రం మురిసిపోయేది. ఇంటికొచ్చి నాలుగుసార్లు చెప్పేది. "విన్నావా, అది రంగు చెబుతోందయ్యా!"

ఆవిడ పోయాక ప్రభుత్వం మళ్ళీ ఇటు తిరిగింది. చిన్న దేశం వాళ్ళు వచ్చి ఆసుపత్రి తెరిచారు. ఇప్పుడు శుక్లాలు నాకు. వచ్చేనెల నా వంతు.

నిన్న మధ్యాహ్నం ఎవరో కొత్త ఆఫీసరు వచ్చి తలుపు దగ్గరికి వేశాడు. చంకలో బట్ట తాను.

ఆసుపత్రి జెండా బల్లమీదే ఉంది, చిరుగుతో. ఆయన వెళ్ళగానే నాలుగు మడతలు పెట్టాను.

"ఇది ఇచ్చేసి వస్తాను," అన్నాను నా భార్యతో. "నా కన్ను సంగతి చివర్న చూద్దాం. ముందు ఈ బట్ట కత్తిరించాలిగా."

ఆమె బల్లమీది కత్తెర తీసి తన ఒళ్ళో పెట్టుకుంది. గుర్తు అతకడంలో ఇప్పుడు ఆమెది అచ్చం తల్లి చెయ్యి.

"అప్పుడు నేను మంచం మీద ఉన్నాను. ఇప్పుడు లేచే ఉన్నాను కదా," అంది. "కత్తిరించేదీ నేనే, కుట్టేదీ నేనే. మీరు అందరికన్నా ముందు వెళ్ళి ఆ ఆపరేషను బల్లమీద పడుకోండి."

నేను గుమ్మం దగ్గర ఇంకా నసుగుతుంటే వెనకనుంచి కేక వినపడింది.

"ఏమయ్యా, కదులు!"

ఇన్నేళ్ళ కాపురంలో నా భార్య నన్ను ఎప్పుడూ అలా పిలవలేదు. వెనక్కి తిరిగాను. కిటికీ కింద మిషను దగ్గర కూర్చున్నది ఎవరో నా మసక కళ్ళకి ఒక్క క్షణం తెలియలేదు.