హెట్జర్ డ్రైవర్

ఎడమకు అయిదు డిగ్రీలు, కుడికి పదకొండు, హెట్జర్ ఫిరంగి అంతకు మించి తిరగదు, పదకొండు, ఇవాళ స్నేహితుడు మానవ్‌కు పదకొండో రోజు, ఇలాంటప్పుడు జర్మన్ ట్యాంకు గుర్తుకు రావడమేమిటో అనుకున్నాడు నీరజ్, చేతిలో పేపర్ ప్లేటు, అందులో పులిహోర, డబ్లిన్‌లోని మానవ్ ఇంటి నిండా మనుషులు, ఆఫీసు మీటింగ్‌లో కుర్చీలోనే గుండె ఆగిపోయింది వాడికి, ఏడుపు రావాలి, రావడం లేదు, పులిహోర పులుపు కూడా తెలియడం లేదు, ఎవరో పెద్దాయన భుజం తట్టి స్ట్రాంగ్‌గా ఉండాలి బాబూ అన్నాడు, ఆ చెయ్యి కూడా ఎవరి భుజం మీదో పడ్డట్టే ఉంది.

అన్నయ్యా, ఒక్కసారి లోపలికి రండి, అంది మానవ్ భార్య దేదీప్య, లోపల వాళ్ళ తొమ్మిదేళ్ళ నైనిక లాప్‌టాప్‌లో నాన్న ఆడిన ట్యాంకుల ఆట పేజీ తెరిచి కూర్చుంది, అంకుల్, డాడీకి జీరో కిల్స్ ఉంది, త్రీ ఇయర్స్ ఆడాడు కదా, డాడీ బ్యాడ్ ప్లేయరా, అంది పాప, పొద్దున్నుంచి ఇదే అడుగుతోంది అన్నయ్యా, నాకా గేమ్ తెలీదు, మీరే ఏదైనా చెప్పండి, అంది దేదీప్య, ఆమె గొంతులోనూ తడి లేదు.

ఏం చెప్పాలి, ఆటలో దెబ్బ ఎప్పుడూ మీట నొక్కినవాడి ఖాతాలోనే పడుతుంది, అసలు యుద్ధంలోనూ అంతే కదా, హెట్జర్ చిన్న బండి, పొదల్లో నక్కి, ముందుగా పేల్చి, చప్పున వెనక్కి జరిగి తనకన్నా పెద్దవాటిని పడగొట్టేది, లోపల నలుగురు ఇరుక్కుని కూర్చునేవారు, పుస్తకాల్లో మాత్రం పేల్చినవాడొక్కడి ఫొటో, తోలినవాడి పేరు తను ఎక్కడా చదవలేదు, ఆటలో ఇద్దరిదీ ఒకటే హెట్జర్, తోలేది మానవ్, పేల్చేది తను, నీరజ్ పేరు మీద నాలుగువందల పన్నెండు కిల్స్, గ్రూపులో స్క్రీన్‌షాట్ పెట్టి మెచ్చుకోళ్ళు తీసుకున్నాడు, నువ్వు ఉత్త డ్రైవర్‌వి రా అని వెక్కిరిస్తే, చిత్తం సార్, బండి ఎటు పోనిమ్మంటారు అని నవ్వేవాడు మానవ్, ఆ ఫిరంగి పక్కకు తిరగదు కదా, శత్రువు పక్కనుంచి వస్తే బండినే తిప్పాలి, కొత్తలో ప్రతి శనివారం పొద్దున్న ఎడమకి తిప్పరా, కుడికి తిప్పరా అని హెడ్‌సెట్‌లో గొంతు చించుకునేవాడు తను, తర్వాత, తర్వాత ఎప్పుడు అరిచాడు, ఎంత వెతికినా ఒక్క శనివారమూ గుర్తుకు రాలేదు, ఎందుకంటే అరవాల్సిన పనే పడలేదు, తను చూసేసరికి బండి తిరిగే ఉండేది, శత్రువు ఎదురుగానే ఉండేవాడు, నీరజ్ కింద చతికిలబడి, నాకున్నవన్నీ మీ నాన్న కొట్టినవేనమ్మా, ప్రతిసారీ ఎటు తిరగాలో నాకంటే ముందే వాడికి తెలిసేది, నేను బటన్ నొక్కానంతే, అన్నాడు, రియల్లీ అంది పాప, అవునమ్మా అన్నాడు, సిగ్గేసింది, ఇంత చిన్న మాట మానవ్‌తో మూడేళ్ళలో ఒక్కనాడూ అనలేదు.