దుమ్ముమంచులో తెల్ల చేతులు

పాత రంపపు మిల్లు కూడలిలో ట్రాఫిక్ లైట్లు ఉండేవి. అవి వెలిగిన రోజులకంటే ఆరిపోయిన రోజులే ఎక్కువ. అలా ఆరిపోయిన ఒక మధ్యాహ్నమే నా భర్త నడిపే దుంగల లారీని ఇంకో లారీ గుద్దింది. ఆయన పోయాక ఆ కూడలి పక్కనే పులిసిన మొక్కజొన్న పిండి ముద్దలు, కెంకే, వండి అమ్మే పొయ్యి పెట్టుకున్నాను. అక్కడే ఎందుకని చుట్టాలు అడిగారు. కుమాసీలో జనం గంటలకొద్దీ ఆగిపోయేది అక్కడేనని, ఆగిన మనిషికి ఆకలేస్తుందని చెప్పాను.

ఒటెంగ్ మొదటిసారి వచ్చినప్పుడు కెంకే కొనలేదు. మురుగుకాలువ గట్టు మీద కళ్లు మూసుకుని నిలబడ్డాడు. జేబులో అయిదు పెన్సిళ్లు. నగర రోడ్ల ఆఫీసులో కొత్త ఇంజినీరట. ముప్పై ఏళ్లుంటాయి. కళ్లు మూసుకుంటే కూడలికి ఎక్కడ ఊపిరి ఆడటం లేదో వినిపిస్తుందని చెప్పాడు. పిచ్చివాడేమోనని ఒక చేపముక్క ఊరికే ఇచ్చాను.

వారం తర్వాత నోటుపుస్తకం తెచ్చి, ఏ దారిన ఎన్ని బళ్లు వస్తున్నాయో రాసిపెట్టమని అడిగాడు. నాకు అక్షరం రాదు, లెక్క వచ్చు. మా ఆయన గింజలతో ఆడుకునే ఒవారె పలక అటక మీదనుంచి దింపాను. పన్నెండు గుంటల్లో నాలుగు గుంటలు నాలుగు దారులకు పెట్టాను. పది బళ్లకు ఒక గింజ. సాయంత్రం ఒటెంగ్ వచ్చి గింజలు లెక్కపెట్టుకుని వెళ్లేవాడు.

ఒకరోజు వెళ్లలేదు. ఒక గుంటలోని గింజలు తీసి, ఒక్కొక్కటే పక్క గుంటల్లో పంచుకుంటూ పోయాడు. మళ్లీ తీశాడు, మళ్లీ పంచాడు. అతని చుట్టూ చీకటి పడుతున్న సంగతి అతనికి తెలియలేదు.

"అమ్మా, ఈ గింజలు ఒకదాన్నొకటి ఎందుకు గుద్దుకోవు?" అన్నాడు.

"ఎందుకు గుద్దుకుంటాయి నాయనా, అన్నీ ఒకే వైపు తిరుగుతాయి కదా."

కుమాసీలో బళ్లు దిబ్బ చుట్టూ తిరిగి పోయే గుండ్రాలు లేకపోలేదు. పోలీసు పక్కకు పోతే వాటిలో ఎవరి బలం వాళ్లది. ఒటెంగ్ కలగన్నది పోలీసూ కరెంటూ రెండూ అక్కర్లేని గుండ్రం. లోపల తిరుగుతున్నవాడిదే దారి. బయటినుంచి వచ్చేవాడు ఆగి, సందు చూసుకుని, గింజలాగా జారుకోవాలి. దీనికోసం ఆఫీసులో ఎనిమిది నెలలు పోట్లాడాడు. నగరాన్ని ముసలాళ్ల ఆట మీద నడుపుతావా అని డైరెక్టరు నవ్వాడట. చివరికి ఒక్క కూడలి ఇచ్చారు. అది మాదే. లైట్లు పీకేశారు, మధ్యలో మట్టిదిబ్బ పోశారు, నాలుగు దారుల మూతులూ ఇరుకు చేశారు.

చదువురాని డ్రైవర్ల కోసం ఒక్కో మూతి దగ్గర ఆగమనే చేయి బొమ్మ పెట్టించాడు. వేసింది బెడియాకో. తన దుకాణం మీద 'రంగుల డాక్టరు' అని రాసుకున్న మనిషి. రేకు పలక మీద తన చేయే పెట్టుకుని చుట్టూ గీశాడు. తెల్లరంగు నింపాడు. అయిదు వేళ్లకూ గులాబీరంగు గోళ్లు, గోటి మొదట్లో నెలవంక కూడా వదల్లేదు. కింద పెద్ద అక్షరాలు.

అదే వారం ఉత్తరంనుంచి దుమ్ముగాలి దిగింది. పొద్దున్నే చూస్తే మిల్లు లేదు, రోడ్డు లేదు, ఆకాశం లేదు. దుమ్ముమంచులో నాలుగు తెల్ల చేతులు మాత్రం ఒళ్లు లేకుండా గాలిలో తేలుతున్నాయి. బళ్లు వాటిని చూసి ఆగలేదు. చూసి ఇంకా జోరుగా దూకాయి. మంగళవారం రెండు బంపర్లు పోయాయి. బుధవారం ఒక టమాటా బండి దిబ్బ ఎక్కి కూర్చుంది. డైరెక్టరు శనివారం దాకా గడువిచ్చాడు. శనివారమంటే చావుల రోజు, మా దగ్గర అంత్యక్రియలన్నీ ఆ రోజే. పక్క ఊళ్లన్నీ ఎర్రబట్టలూ నల్లబట్టలూ కట్టుకుని మా కూడలి మీదుగానే పోతాయి. ఆ రోజు కూడలి బిగుసుకుంటే సోమవారం దిబ్బ తవ్వేసి లైట్లు నాటుతారు. ఒటెంగ్‌ను గోడౌనులో పైపుల కాపలాకు పంపుతారు. ఇంకెప్పుడూ గీత గీయనివ్వరు.

గురువారం మధ్యాహ్నం నా పొయ్యి దగ్గర కూలబడ్డాడు. మూతుల వెడల్పు మళ్లీ కొలిచాడట. తప్పు దొరకలేదట. పక్కన మా ఆయన స్నేహితుడు టావియా తింటున్నాడు. అతనిదీ దుంగల లారీయే.

"ఇంజినీరూ, మీ అమ్మ నీకేం నేర్పలేదా?" అన్నాడు టావియా, వేళ్లు నాక్కుంటూ. "పెద్దమనుషుల మొహం మీద ఎడమ చేయి ఊపి ఆగమంటావా? మా అయ్య ఊపినా ఆగను."

"ఎడమ చేయా?"

"ఎడమ చేయే. పైగా గోళ్లకు రంగేసి మరీ."

ఒటెంగ్ లేచి దగ్గరి బోర్డు కిందికి వెళ్లి నిలబడ్డాడు. అప్పటిదాకా అతను దాని మీది అక్షరాలే చదివాడు. నాకు అక్షరాలు లేవు కాబట్టి నేను మొదటిరోజునుంచీ చేతినే చూస్తున్నాను.

"నీకు తెలిసి చెప్పలేదా అమ్మా?"

"ఆఫీసువాళ్లు కావాలనే తిడుతున్నారనుకున్నాను," అన్నాను.

టావియా నవ్వు ఆపుకోలేక దగ్గాడు. బెడియాకోను పిలిపించాం. కుంచె కుడిచేత్తో పట్టుకుంటే పలక మీద పెట్టడానికి ఇంకే చేయి మిగులుతుందని అతను ఎదురడిగాడు. అదీ నిజమే. కొత్త రేకులు రావాలంటే ఆఫీసులో మూడు వారాలు. శనివారానికి రెండు రోజులు.

నేను ముద్దలు చుడుతున్నాను. పిండి అంటిన నా ఎడమ చేయి వెనకవైపు కనిపిస్తోంది. దాని పక్కనే కుడి అరచేయి తెరుచుకుని ఉంది. రెండు బొటనవేళ్లూ ఒకే వైపుకి. చాలాసేపు చూశాను.

"గోళ్లు చెరిపెయ్యి బెడియాకో. అరచేతి గీతలు గియ్యి. అదే చేయి కుడిదైపోతుంది."

ముగ్గురూ తమ చేతులు ఎత్తి, తిప్పి తిప్పి చూసుకున్నారు. దారిన పోయేవాళ్లు మేము ప్రార్థన చేస్తున్నామనుకుని ఉంటారు.

"నా జన్మలో వేసిన గోళ్లలో అవే మంచివి," అన్నాడు బెడియాకో. శుక్రవారం ఒక్కొక్కటే చెరిపాడు. గీతలకు నమూనాగా, ఎడమచేత్తో నిచ్చెన పట్టుకున్న ఒటెంగ్ తెరిచి చూపిన కుడి అరచేతినే చూసి వేశాడు.

శనివారం దుమ్ముమంచు ఇంకా చిక్కబడింది. ముందు డప్పులు వినిపించాయి, తర్వాత పాట, తర్వాత శవాన్ని తెస్తున్న బండి. గుండ్రంలో అప్పటికే టమాటా లారీలు తిరుగుతున్నాయి. శవం బండి తెల్ల చేతి ముందుకొచ్చింది. ఒటెంగ్ కళ్లు మూసుకున్నాడు.

బండి ఆగింది. దాని వెనక ఎర్రబట్టల బస్సులు ఆగాయి. సందు దొరగ్గానే ఒక్కొక్కటే జారుకున్నాయి. ఎరుపు, నలుపు, దుంగలు, గొర్రెలు, గుడ్లబుట్టలు, అన్నీ దిబ్బ చుట్టూ మెల్లగా తిరుగుతూ, ఎవరో కనపడని ముసలాయన తాపీగా గింజలు పంచుతున్నట్టు. హారన్లు లేవు. పాట ఒక్కటే గుండ్రంగా తిరిగి అవతలి దారిన వెళ్లిపోయింది.

మిల్లు వైపునుంచి దుంగల లారీ ఒకటి వచ్చింది. మా ఆయన వచ్చిన దారి అదే. బోర్డు ముందుకొచ్చి ఆగింది. లోపలినుంచి టావియా తన కుడిచేయి ఎత్తి, బొమ్మకు సలాం చేసినట్టు ఊపాడు. దారి దొరికేదాకా అలాగే ఉన్నాడు. నేను ఆ ఆగిన లారీనే చూస్తూ ఉండిపోయాను.

సాయంత్రం ఒటెంగ్ లెక్క అడిగాడు. పలక చూశాను. గుంటలన్నీ ఖాళీగా ఉన్నాయి. గింజలు పొద్దుటినుంచీ నా గుప్పిట్లోనే ఉన్నాయి. అతను రెండు కెంకేలు తిని, మూడోది అడిగాడు.

ఉద్యోగంలో ఉన్న ఇరవై ఆరేళ్లలో అతను ఇంకో పదకొండు గుండ్రాలు కట్టాడు. ప్రతి బొమ్మా ముందు నాకే తెచ్చేవాడు, కింది అక్షరాలు లోపలికి మడిచి. నాకు అరవై దాటాక చర్చి బడిలో అక్షరాలు దిద్దుకుంటున్నానని తెలిసి దిగులుపడ్డాడు.

"నువ్వూ చదివేస్తే నాకు చూసి చెప్పేదెవరమ్మా?"

ఇప్పుడు అతనికీ జుట్టు నెరిసింది. చేతి గీతలు ముడతల్లో కలిసిపోయాయి. బోర్డు మీద మాత్రం బెడియాకో ఏటా దిద్దడం వల్ల ముప్పై ఏళ్ల చేయి అలాగే ఉంది. దుమ్ముగాలి పొద్దుల్లో కూడలికి వెళ్తాను. కింది అక్షరాలు కనపడకుండా కళ్లకు నా అరచేయి అడ్డం పెట్టుకుని, పైనున్న చేతిని చూస్తాను.