రేకుకో అక్షరం

ఎనిమిది ఇనప రేకులు. రేకుకో అక్షరం, మనిషెత్తు. ఎనిమిది రోజులుగా కాంట్రాక్టరు రోజుకో అక్షరం చీటీ మీద రాసి పంపాడు, అదీ వరస తప్పించి. బోర్డులు రాసే మేస్త్రి గీతలు గీశాడు. కోడలూ తక్కిన పనివాళ్లూ నల్లరంగు నింపారు. ఏం రాస్తున్నామని ఒక్కరూ అడగలేదు.

ఆ లావు అక్షరం మేస్త్రి సొంతం. వంకీలూ తోకలూ కోసి పారేసి, స్కేలుతో, వృత్తలేఖినితో ముప్పై ఏళ్లపాటు దిద్దుకున్నాడు. దూలంలా నిలబడుతుంది, మైలు దూరానికి కనబడుతుంది. అందం చూసుకుంటూ మురిసిపోయేవాడికి మాట ఎక్కడ కనబడుతుంది?

మధ్యాహ్నం గుమాస్తా వచ్చి, లారీకెక్కించడానికి రేకుల్ని గోడవారగా వరసపెట్టి పోయాడు. కోడలు బకెట్టు కింద పెట్టేసింది.

"మావయ్యా, చదివావా?"

"ధి గుండ్రం బాగా కుదిరింది కదా."

"గుండ్రం సంగతి తర్వాత. ముందు చదువు."

చదివాడు. ఈ వీధి ఖాళీ చేయండి.

ఏ వీధో అడగక్కర్లేదు. నిన్ననే కొలతలవాళ్లు మేస్త్రీ పనివాళ్లూ ఉండే వీధిలో గడపగడపకీ సున్నం గీతలు గీసి పోయారు. మేస్త్రి గడప మీదా ఉంది ఆ గీత. తన వేలితో తన కన్నే పొడిపించారు. చేతులకంటిన రంగు చూసుకుంటే అసహ్యం వేసింది.

కాంట్రాక్టరు అగ్గిపుల్లతో పళ్లు కుట్టుకుంటూ వచ్చాడు. ఆ పుల్లని అక్షరానికే తుడిచాడు. "రాసేవాళ్లకి అర్థాలెందుకయ్యా? లారీ తెస్తున్నా, ఎత్తి పెట్టండి" అని వెళ్లిపోయాడు.

"మనం కాకపోతే ఇంకోడు రాస్తాడు" అన్నాడు రేకులు కోసేవాడు. "పని పోగొట్టుకుని ఏం బావుకుంటాం?"

"కొంప కూలిపోయాక ఎక్కణ్ణుంచి వస్తావురా పనికి?" అంది కోడలు.

"పోనీ, రంగు పోసి చెరిపేద్దాం" అంది రంగులు కలిపే ముసలావిడ.

"చెరిపేస్తే నోరు మూసుకున్నట్టే అత్తా" అన్నాడు మేస్త్రి. "మొదటి మూడూ ఉండనీండి. మిగతా అయిదూ వెనక్కి తిప్పండి."

గీశాడు. మా. ది. క. ద. లం. కబురు అందగానే వీధి వీధంతా వచ్చి పడింది. కుంచెలు చాలలేదు. గుడ్డపీలికలతో, అరచేతులతో నింపారు. తడి ఆరకముందే మోసుకెళ్లి వీధి మొగలో నిలబెట్టారు.

రేకుల్ని వెతుక్కుంటూ లారీ వచ్చింది, దాని వెనకే కాంట్రాక్టరు పిలిచిన పోలీసులు.

"గీసిందెవడు?" అన్నాడు ఎస్సై.

"నేనే."

మెడ పట్టి వ్యానులోకి తోశారు. తర్వాత రేకుల మీద పడ్డారు. ఒక్కో రేకుకి వీధివాళ్లు పదేసి మంది అతుక్కుపోయారు. రేకు అంచులు వేళ్లు కోస్తున్నా వదల్లేదు.

వ్యాను జాలీలోంచి మేస్త్రి చూశాడు. అంచులు వంకర పోయాయి, రంగు కారింది. ఇంకో రోజైతే నింపినవాళ్లని బండబూతులు తిట్టేవాడు. ఇవాళ గొంతెత్తి చదివాడు.

"ఈ వీధి మాది. కదలం."

"నోర్ముయ్" అన్నాడు పక్కనున్న కానిస్టేబులు.

అప్పటికే వీధి అందుకుంది.