మూసిన దోవలోంచి వచ్చిన రాత

ఇందాక తన చేత్తో దిద్దిన రక్తం గ్రూపు తెరమీద మళ్లీ బి పాజిటివ్ అని కనబడేసరికి మెహబూబున్నీసా కుర్చీలోంచి లేచి నిలబడింది.

ఆనందయ్యది ఓ పాజిటివ్. అందులో ఆమెకు సందేహం లేదు. నాయకుడి పుట్టినరోజుకు పార్టీవాళ్లు పెట్టే శిబిరంలో అతను ఏటా రక్తం ఇస్తాడు. ప్రొద్దుటూరు రక్తనిధిలో ఆ సీసా పరీక్ష చేసేది ఆమే.

ఈ పొద్దున చక్రాయపేట రోడ్డులో నాయకుడి జీపు మీద బాంబులు పడ్డాయి. ఆ జీపు తోలింది ఆనందయ్యే. ఇప్పుడు పులివెందుల ఆసుపత్రిలో ఆపరేషన్ బల్ల మీద ఉన్నాడు. నాయకుడు ఏ జీపులో ఉన్నాడో ఎదుటివాళ్లకు తెలియకూడదని డ్రైవర్లు బయలుదేరేముందు చొక్కాలు మార్చుకుంటారు. అతని ఒంటిమీద ఉన్నది ఇంకొకడి చొక్కా, జేబులో ఉన్నది ఇంకొకడి రక్తం గ్రూపు కార్డు. వెంట వచ్చినవాళ్లు చెప్పిన పేరు రాసుకుని, గ్రూపు మాత్రం ఆ కార్డు చూసి అక్కడి నర్సు బి అని టైపు చేసింది. ఆ పేరు, ఆ గ్రూపు తెరమీద చూడగానే మెహబూబున్నీసా ఓ అని దిద్దింది. దిద్దిన మాట వాస్తవం.

పులివెందులకు ఫోన్ చేసింది. రింగవుతోంది, ఎత్తేవాళ్లు లేరు. ఫోన్ పెట్టేసి మేడమీది కంప్యూటర్ గదిలోకి పరిగెత్తింది.

"దేవపాలూ! ఏంది మీ మిషను? నేను ఓ అని రాస్తే అది బి అంటాది!"

దేవపాలు తలెత్తాడు. బెంగుళూరులో కంప్యూటర్ కర్నెల్ పని నేర్చుకుని వచ్చినవాడు. "సేవ్ కొట్టినావా ఆపా?"

"నన్నడుగుతాండావా? కొట్టినా. మూసి, మళ్లీ తెరిచి చూసినా. ఓ అనే ఉండె. ఇప్పుడు దానంతట అదే బి అయిపాయ. ఆడుండే డాక్టరు ఆ తెర చూసే బ్యాగు తగిలిస్తాడు. ఓ గ్రూపు మనిషికి బి ఎక్కిస్తే ఏమైతాదో నేను చెప్పాల్నా నీకు?"

చెప్పనక్కర్లేదు. దేవపాలు కుర్చీ లాక్కున్నాడు.

రెండూళ్ల తెరల్నీ నడిపే కంప్యూటరు పులివెందులలో ఉంది. అది రాసినవి దాచే డిస్కుల బీరువా ప్రొద్దుటూరులో, ఈ గదిలోనే ఉంది. ఒకచోట బాంబు పడితే రెండోచోట మిగలాలని ఆ ఆసుపత్రినీ ఈ రక్తనిధినీ నడిపే ట్రస్టు చైర్మన్ పెట్టిన షరతు అది. రెంటినీ కలిపే లైన్లు కూడా రెండు. ఒకటి జమ్మలమడుగు మీదుగా వస్తుంది, ఇంకొకటి వేంపల్లె మీదుగా.

ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెలాంటి కర్నెల్‌కు ఈ సంగతి తెలియదు. ఒకే డిస్కు రెండు దారుల్లో కనబడితే రెండు డిస్కులనుకుంటుంది. వచ్చిన ప్రతి డిస్కునూ 'నీ అసలు నంబరెంత' అని అడిగి, నంబరు ఒకటే అయితే రెండు దారుల్నీ ఒక పేరు కింద కట్టే భాగాన్ని దేవపాలు, అతని జతగాడు యజ్ఞనారాయణ కలిసి రాశారు. ఒక దారి తెగితే రాత ఇంకో దారిన పోవాలి. దానికోసమే అంత కష్టం.

"జమ్మలమడుగు లైను ఇందాక పడిపోయింది," దేవపాలు తెరమీద వేలు పెట్టాడు. "బాంబుల కబురు విని బంద్ చేయించినట్టుండారు. లైను గదికి కరెంటు పీకినారు."

"పోతే పోయింది లేన్నా," అన్నాడు పక్కసీట్లోంచి యజ్ఞనారాయణ. "వేంపల్లె దోవన పోయింది గదా. ఒక్క రాత కూడా పోగొట్టుకోలేదు."

"పోగొట్టుకోకపోవడమే వచ్చిన తంటా." దేవపాలుకు అప్పుడు అర్థమైంది. "నర్సు రాసిన బి జమ్మలమడుగు లైనులో ఇరుక్కుంది. మన ప్రోగ్రాము అదే బి ని వేంపల్లె మీద మళ్లీ పంపింది. బాగానే చేరింది. ఆపా దాన్ని ఓ చేసింది. అదీ చేరింది. ఇప్పుడు కరెంటొచ్చింది. ఇరుక్కున్న పాత బి మెల్లగా నడుచుకుంటా వచ్చి ఓ మీద కూర్చునింది."

"అయితే నేను మళ్లీ దిద్దుతా," అంది మెహబూబున్నీసా.

"ఆగాపా! ఆ లైన్లో ఇంకా ఏమేం నిలబడుండాయో. ముందు తలుపు మూయాల."

జమ్మలమడుగు వైపు నుంచి ఏది వచ్చినా పుచ్చుకోవద్దని డిస్కుల బీరువాకు ఆదేశం టైపు చేశాడు. తొందరలో ఒక అక్షరం తప్పు పడింది. చెరిపి మళ్లీ కొట్టాడు. ఆ దారి తెరమీద ఎర్రబడింది.

"ఇప్పుడు దిద్దు."

ఆమె ఓ అని దిద్దింది. ముగ్గురూ తెరకేసి చూస్తూ నిలబడ్డారు. అది మారలేదు. కానీ పులివెందులలో డాక్టరు ఏ తెర చూశాడు, ఎప్పుడు చూశాడు?

దేవపాలు ఫోన్ అందుకున్నాడు. రింగు, రింగు, రింగు. చివరికి పులివెందుల ఆపరేషన్ గది నర్సు ఎత్తింది.

"ఎవురూ? ఈడ పనిలో ఉండాం."

"జానీబీ, నేను మెహబూబున్నీసాను!" ఆమె ఫోన్ లాక్కుంది. "ఆనందయ్యకు ఏం ఎక్కిస్తాండారు?"

"బి. కంప్యూటర్లో బి అనే ఉంది గదాపా."

"ఎక్కిందా?"

"బ్యాగు తగిలించినాం. గొట్టంలోకి దిగింది, ఒంట్లోకి ఇంకా..."

"పీకెయ్యి! ముందు పీకెయ్యి, తర్వాత మాట్లాడు!"

అవతల ఫోన్ బల్లమీద పడిన చప్పుడు. అడుగులు. ఎవరో అరిచారు. మళ్లీ జానీబీ గొంతు వినిపించింది.

"పీకేసినా. చుక్క కూడా పోలేదాపా. ఓ బ్యాగులు ఫ్రిజ్‌లో ఉండాయి, మా చేత్తోనే సరిచూసి తగిలిస్తాం. డాక్టరు నన్ను తిడతాండాడు, నువ్వే మాట్లాడు."

మాట్లాడి ఫోన్ పెట్టేసి మెహబూబున్నీసా నేలమీదే కూర్చుంది.

దేవపాలు మాత్రం కూర్చోలేదు. కోడు తెరిచాడు. దారి మూగబోతే ముందు దాన్ని పూర్తిగా మూసేయాలి, ఆ దారిన ఏమొచ్చినా పుచ్చుకోవద్దని బీరువాకు చెప్పాలి, అది సరేనన్నాకనే రెండో దారిన పంపాలి. తాను అలాగే రాశాడు. ఇప్పుడు ఆ మూసే భాగమే లేదు.

"యజ్ఞా, దీన్ని తీసిందెవరు?"

యజ్ఞనారాయణ కళ్లజోడు తీసి బల్లమీద పెట్టాడు.

"నేనే తీసినా అన్నా. చైర్మన్ చూడ్డానికొచ్చిన పొద్దు నువ్వు కడపకు పోయింటివి. ఆయప్ప ముందర లైను పీకితే తెర కాసేపు ఆగిపాయ. దోవ మూసేదానికి ఆ మాత్రం పడ్తాది గదా. పక్కన పార్టీ వాళ్లు 'ఏందప్పా, మీ మిషను కునుకు తీస్తాందా' అని నవ్వినారు. రేపు మినిస్టరు ముందర ఇట్లయితే మీ కత చూస్తామన్యారు. భయమేసి తీసేసినా. కానీ ఒట్టి భయంతోనే తీసినానంటే అబద్ధమైతాది. అది అక్కర్లేదనే అనుకున్యా. మా నాయన పద్మనాభయ్య ఎలక్షన్ డ్యూటీకి పోయినాడు గదా, ఓట్ల పెట్టెలు తీసుకొని వస్తాంటే బాంబులేసేటోళ్లు జమ్మలమడుగు దోవ మూసినారని తెలిసె. ఎనకాల జీపులన్నీ ముద్దనూరు మీద తిరుక్కొని వచ్చినాయి. మా నాయన జీపు అప్పటికే ఆ దోవలోకి పోయింది. మా యమ్మ వాకిట్లో నిలబడుంటే ఊర్లో వాళ్లు, వాడింక రాడు, నువ్వు లోపలికి పో అన్యారు. రాలేదు. నేను కర్నెల్లో అదే రాసినా అన్నా. మూసిన దోవలో పోయింది చచ్చినట్టే లెక్క, దానికోసం ఎదురుచూసే పని లేదు, రెండో దోవన ఇంకొకటి పంపు అని. అది బతికి తిరిగొస్తాదని నాకు తోచనే లేదు. ఆనందయ్యను కొంచెంలో చంపేసింటి. ఆయప్ప పెండ్లాం ఫోన్ చేస్తే నువ్వు ఎత్తొద్దు. నాకియ్యి. నేనే చెప్తా."