మూడింటిలో వేరేది

శనివారం పొద్దున పదింటిలోపు చెయ్యాల్సిన పనులు ఇవి.

గ్లాసులు సబ్బు తగలకుండా వేడినీళ్ళతో కడగాలి. గుడ్డతో తుడవకుండా వాటంతట అవే ఆరనివ్వాలి. వంటింట్లో పంది మాంసం వేయించకూడదు, కాఫీ కాయకూడదు. ఒంటికి సెంటు, జుట్టుకు స్ప్రే, చేతులకు క్రీము ఏవీ రాసుకోకూడదు. నాన్నను పొగాకు డబ్బాతో సహా చేపలు పట్టుకోమని చెరువుకు పంపెయ్యాలి. కర్టెన్లు మూసి, మామూలు బల్బు తీసేసి ఎర్ర బల్బు బిగించాలి. విస్కీలో సగానికి సగం నీళ్ళు కలిపి, వాసన పోకుండా గ్లాసుల మీద సాసర్లు మూతపెట్టాలి. నోరు శుభ్రం చేసుకోవడానికి ఉప్పులేని బిస్కెట్లు దగ్గర పెట్టుకోవాలి. నడీన్ పిన్నికి మాత్రం చెప్పకూడదు.

అన్నీ చేశాను. పిన్నికి కూడా నేను చెప్పలేదు. అయినా ఆవిడకు తెలిసిపోయింది.

మా అమ్మ వెర్నా బాలార్డ్ మా ఊరి డిస్టిలరీలో రుచి చూసే జట్టు మనిషి. పీపాల్లో ఏళ్ళ తరబడి నిలవున్న బోర్బన్ అనే మొక్కజొన్న విస్కీని తొట్టిలో కలిపాక, సీసాల్లోకి ఎక్కించే ముందు ఆ జట్టు వాసన చూసి సరే అనాలి. జట్టులో ఒక్కరు కాదన్నా తొట్టి ఆగిపోతుంది. అమ్మ హైస్కూలు పూర్తి చెయ్యలేదు. సీసాలకు లేబుళ్ళు అంటించే చోట పనిచేస్తుండగా, ఒకరోజు పక్కనుంచి వెళ్తున్న పీపాను చూసి, దీని చెక్క ఎక్కడో కుళ్ళింది, వాసన వస్తోంది అంది. పీపా విప్పి చూస్తే నిజమే. అలా జట్టులోకి తీసుకున్నారు. మా వంశంలో కాలేజీ చదువు చదివిన మొదటి మనిషిని నేను. రసాయన శాస్త్రం చదివి, అదే డిస్టిలరీలో నమూనాలు పోసి అందించే పనిలో చేరాను. జట్టుకు గ్లాసులు పెట్టేది నేనే.

ఏడాదికోసారి జట్టులో వాళ్ళ ముక్కుకే పరీక్ష పెడతారు. మూడు గ్లాసులు ఇస్తారు. రెండింటిలో ఒకే విస్కీ, ఒకదానిలో వేరేది. ఆ వేరేది ఏదో చెప్పాలి. తెలియకపోతే ఊహించైనా సరే ఒకటి చెప్పి తీరాలి, అది పద్ధతి. తెలియదు అనే జవాబు ఒప్పుకోరు. అలాంటివి వరసగా పెడతారు. ఎక్కువ తప్పితే జట్టులోంచి తీసేస్తారు. ఆ పరీక్ష వచ్చే మంగళవారం.

అమ్మ అందులో గట్టెక్కుతుందా అన్నదే నా దిగులు.

ఆ దిగులు ఊరికే పుట్టలేదు. కిందటి నెల ఒక నమూనాకు జట్టులో అందరూ బూజు వాసన అని రాశారు. అమ్మ ఒక్కతే బాగుందని రాసింది. మా జట్టు పెద్ద, హేగన్ గారు, "ఏం వెర్నా, జలుబా?" అని నవ్వారు. అమ్మా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. ఆ తర్వాత ఒక సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి పొయ్యిలో మొక్కజొన్న రొట్టె మాడి బొగ్గవుతోంది, పొగ హాల్లోకి వస్తోంది. అమ్మ పొయ్యికి మూడడుగుల దూరంలో, వీపు ఇటు పెట్టి కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. నేను పరిగెత్తి పొయ్యి ఆపాను. అమ్మ మాడిన రొట్టెను చూసింది, నన్ను చూసింది. "పరధ్యానంలో ఉన్నానే" అంది. వారం తర్వాత తనే అంది, "శనివారం కాస్త గ్లాసులు పెట్టవే, సాధన చేసుకుంటాను" అని.

మంగళవారం ఏ విస్కీలు పెడతారో నాకు ముందే తెలిస్తే, ఇంట్లో నేను కొనే ప్రతి సీసా అమ్మకు సూచనైపోతుంది. అందుకని హేగన్ గారి దగ్గరికి వెళ్ళి, ఆ రోజు పొద్దున వరకు నమూనాల పేర్లు నాకు చెప్పొద్దని అడిగాను. ఆయన సరేనన్నారు. ఎందుకని అడగలేదు. దాంతో నాకు ఇంకా భయమేసింది.

శనివారం ఎర్ర బల్బు వెలిగించాను. రంగు చూసి గుర్తుపట్టకుండా ఉండటానికి అది. ఆ వెలుగులో విస్కీ, నీళ్ళు, అమ్మ చేతులు అన్నీ ఒకే రంగులో ఉన్నాయి. మొదటి గ్లాసు పోస్తుండగానే వెనక తలుపు తోసుకుని పిన్ని వచ్చింది.

"ఏమే లెనీ, పట్టపగలు కర్టెన్లు మూసి ఎర్ర దీపమేంటే? పక్కింటివాళ్ళు చూస్తే మీ అమ్మ కొత్త వ్యాపారం మొదలెట్టిందనుకుంటారు."

"నువ్వు గుమ్మంలో నిలబడ్డావు కదా, వచ్చేవాళ్ళు కూడా పారిపోతారులే" అంది అమ్మ. "సెంటు కొట్టుకున్నావా?"

"స్నానమే చెయ్యలేదు అక్కా."

"అయితే కూర్చో. ముట్టుకోకు దేన్నీ."

"చూస్తూ కూర్చోవడానికి నేనేమైనా బొమ్మనా? నాకూ పొయ్యవే."

పోశాను. కాదంటే వెళ్ళే మనిషి కాదు. గ్లాసుల అడుగున గుర్తుల కాగితాలు అంటించి, వీపు తిప్పి వరస మార్చి, ఇద్దరి ముందూ మూడేసి పెట్టాను. మొదటిసారి తేలికైనదే. రెండింటిలో గోధుమ కలిసిన మెత్తటి బోర్బన్, ఒకదానిలో మామూలుది. అమ్మ సాసరు తీసి, నోరు కొంచెం తెరిచి, గ్లాసును ముక్కు కింద అటూ ఇటూ తిప్పింది. చిన్నప్పటి నుంచి నేను చూస్తున్న పద్ధతే అది. చుక్క నాలిక మీద వేసుకుని నమిలినట్టు చేసి ఉమ్మింది.

"మధ్యది" అంది.

గ్లాసు ఎత్తి అడుగున చూశాను. మధ్యదే. నా భుజాలు దిగాయి. అంతసేపూ అవి బిగుసుకుని ఉన్నాయని అప్పుడే తెలిసింది.

రెండోసారి ఒకే ఇంటి విస్కీలు, వయసులో తేడా. అమ్మ ఎడమది అంది. కుడిది. మూడోసారి కుడిది అంది. మధ్యది. అమ్మ బిస్కెట్టు కొరికి నమిలింది, చాలాసేపు నమిలింది.

"ఇదేంటక్కా, నాకు రెండుసార్లూ సరిగ్గా వచ్చింది" అంది పిన్ని. ఆవిడ ఏ విస్కీనైనా కూల్‌డ్రింకులో కలుపుకుని తాగే మనిషి.

"నీకు నోరు తప్ప ఇంకేదీ పనిచెయ్యదనుకున్నానే ఇన్నాళ్ళూ" అంది అమ్మ.

"నేనూ చేరతాను మీ జట్టులో. లెనీ, మీ హేగన్‌కి నా పేరు చెప్పు. పెళ్ళాం పోయినవాడు కూడా కదా."

పిన్ని నవ్వింది. అమ్మ పెదవులు కదిలాయి, అంతే. నేను గ్లాసులు కడగడానికి సింకు దగ్గరికి వెళ్ళాను. కుళాయి విప్పి, నీళ్ళ చప్పుడు మధ్య నిలబడి, ఏం చెయ్యాలా అని ఆలోచించాను. నాలుగోదీ తప్పితే అమ్మ మంగళవారం ఏ ధైర్యంతో ఆ గదిలోకి వెళ్తుంది? అల్మారాలో రై అనే ధాన్యంతో కాచిన విస్కీ సీసా ఉంది. రై అంటే మిరియం కొరికినట్టుంటుంది. ముక్కు లేకపోయినా నాలిక మీద మంటకే దొరికిపోతుంది. రెండు గ్లాసుల్లో గోధుమది, ఒకదానిలో రై పోశాను.

అమ్మ వాసన చూసింది. చుక్క వేసుకుంది. "ఎడమది" అంది వెంటనే.

"సరిగ్గా చెప్పావమ్మా" అన్నాను. నా గొంతు నాకే ఎక్కువ సంతోషంగా వినిపించింది.

అమ్మ ఎడమ గ్లాసును ఇంకోసారి నాలికకు తగిలించింది. తర్వాత నా వంక చూసింది. ఎర్ర వెలుగులో ఆమె కళ్ళు కనిపించలేదు.

"నడీన్, వెళ్ళి మీ ఆయనకి అన్నం పెట్టు" అంది.

"ఇప్పుడా? పదిన్నరే అయింది."

"ఆకలేస్తుంటుంది పాపం. వెళ్ళు."

పిన్ని నా వంకా అమ్మ వంకా చూసి, ఒక్క మాట కూడా అనకుండా లేచి వెళ్ళిపోయింది. ఆవిడ మాట్లాడకుండా వెళ్ళడం నేనెప్పుడూ చూడలేదు.

"ఇప్పుడు నువ్వు కూర్చో" అంది అమ్మ. "నేను పోస్తాను."

ఆమె వీపు తిప్పి పోసింది. నా ముందు మూడు గ్లాసులు పెట్టింది. నేను అన్నీ పద్ధతిగా చేశాను. మొదటిదానిలో పాకం వాసన. రెండోదీ దాదాపు అదే. మూడోదానిలో, ఉమ్మిన తర్వాత, గొంతు దగ్గర చిన్న చేదు. మళ్ళీ మొదటిది చూశాను. ఆ చేదు అందులో లేదు.

"ఏది?"

"మూడోది."

"ఏం తేడా?"

"చివర్లో చేదు తగులుతోంది. చెక్క ఎక్కువ పట్టినట్టుంది."

"నమ్మకమేనా?"

"నమ్మకమే."

అమ్మ ఒకే ఒక్క సీసా తెచ్చి బల్ల మీద పెట్టింది. "మూడూ దీన్లోవే."

"అది మోసం కదమ్మా" అన్నాను.

"నువ్వు ఇందాక నాకు పోసింది ఏంటి మరి?" అమ్మ గొంతులో కోపం లేదు. "నిన్ను తక్కువ చెయ్యడానికి కాదే. నీ ముక్కు బాగానే ఉంది. మూడు పెట్టి, ఒకటి వేరు అంటే, మనిషి ఒకటి వెతుక్కుంటాడు. వెతుక్కున్నాక దానికి కారణం కూడా దొరుకుతుంది. చేదంటాడు, చెక్కంటాడు. అబద్ధం చెబుతున్నట్టే అనిపించదు. చలికాలంలో నాకు జ్వరమొచ్చి తగ్గింది చూడు, అప్పట్నుంచి నేను చేస్తున్నది అదే."

"అసలేమీ తెలియట్లేదా?"

"తీపి తెలుస్తుంది. మంట తెలుస్తుంది. వాసన తెలియదు. మొదట్లో రేపొస్తుంది, ఎల్లుండొస్తుంది అనుకున్నాను. డాక్టరు రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. ఈ లోపల పక్కవాళ్ళ మొహాలు చూసి చెప్పడం నేర్చుకున్నాను. వాళ్ళు మొహం చిట్లిస్తే బాలేదనడం, లేకపోతే బాగుందనడం. ఆ బూజుదానికి ఎవరూ మొహం చిట్లించలేదు. అందుకే దొరికిపోయాను."

మంగళవారం జలుబని చెప్పి ఆగిపొమ్మన్నాను. పరీక్ష వాయిదా వేయించుకోవచ్చన్నాను. అప్పటికి వాసన తిరిగి రావచ్చు కదా అన్నాను. ఊహించినా మూడిట్లో ఒకసారి సరిగ్గా వస్తుంది, అదృష్టం బాగుంటే ఎక్కువే రావచ్చు అని కూడా అన్నాను. అమ్మ ఏదీ కాదనలేదు, ఔననలేదు. వేడిగా ఉన్న ఎర్ర బల్బును ఏప్రన్ అంచుతో పట్టుకుని విప్పి, మామూలుది బిగించింది. కర్టెన్లు తీసింది. బయట విస్కీ పీపాల గోదాముల నుంచి వచ్చే ఆవిరికి నల్లబడిన పక్కింటి గోడ కనిపించింది. మా వీధంతా అలాగే నల్లగా ఉంటుంది. ఆ గాలిలో ఎప్పుడూ తీపి వాసన ఉంటుంది, అలవాటైపోయి మాకెవరికీ అది తెలియదు. అమ్మ కిటికీ తెరిచి గట్టిగా గాలి పీల్చింది. మళ్ళీ పీల్చింది. తర్వాత కిటికీ మూసి మధ్యాహ్నం వంట మొదలుపెట్టింది.

ఆదివారం చర్చిలో ఆమె పక్కన కూర్చుని నేను ఒకే ఒక్క కోరిక కోరుకున్నాను. అది న్యాయమైన కోరిక కాదు. అమ్మ ఊహ సరిగ్గా తగలాలని కోరుకున్నాను.

మంగళవారం పొద్దున హేగన్ గారు మూత వేసిన సీసాలు నా చేతికిచ్చారు. మామూలు రోజుల్లో జట్టంతా ఒకే బల్ల చుట్టూ కూర్చుని రుచి చూస్తుంది, పరీక్ష గదిలో మాత్రం ఎవరి గూడు వాళ్ళదే, మధ్యలో అడ్డు చెక్కలు. ఒకరి మొహం ఒకరికి కనిపించదు. ప్రతి గూటికీ చిన్న కిటికీ తలుపు ఉంటుంది. నేను ఇవతలి నుంచి దాన్ని ఎత్తి పళ్ళెం లోపలికి జరుపుతాను. నాకు వాళ్ళ చేతులు మాత్రమే కనిపిస్తాయి. అమ్మ చేతులు ఎక్కడైనా గుర్తుపడతాను. ఎడమ బొటనవేలి మీద పొయ్యి తగిలి కాలిన మచ్చ ఉంది.

పళ్ళెం జరిపాను. సాసర్లు తీసిన చప్పుడు. ఆమె ఒక్కొక్క గ్లాసునూ రెండేసి సార్లు ఎత్తింది. నిజంగానే వెతుకుతోంది. నేను అవతలి వైపు నిలబడి, ఏదో ఒకటి చెప్పమ్మా, ఏదో ఒకటి చెప్పు అని మనసులో అనుకుంటున్నాను.

పళ్ళెం నా వైపు జరిగింది.

"నాకు తేడా తెలియట్లేదు" అంది అమ్మ.

వంగి, మెల్లగా అన్నాను. "ఒకటి చెప్పి తీరాలమ్మా. పద్ధతి."

"చెప్పాను కదా. అదే రాసుకో."

హేగన్ గారు నా వెనకే ఉన్నారు. "వెర్నా, ఊహించి చెప్పు. అందరూ చేసేదే. తప్పేం లేదు" అన్నారు.

"తప్పుంది హేగన్. చలికాలం నుంచి ఊహిస్తూనే ఉన్నాను. ఇక ఊహించను. నేను బాగుందన్న తొట్లన్నీ మళ్ళీ చూడండి. ఇంకా సీసాల్లోకి ఎక్కనివైనా చూడండి."

హేగన్ గారు కళ్ళద్దాలు తీసి చొక్కాతో తుడుచుకున్నారు, అవి మసకబారలేదు. "సరే వెర్నా" అన్నారు. ఆ తర్వాత నాతో, "మిగతా వాళ్ళవి పెట్టమ్మా" అన్నారు. నేను పెట్టాను. రెండుసార్లు ఒలికింది.

తొట్లు మళ్ళీ చూశారు. ఒకదానిలో, మిగతా వాళ్ళ ముక్కులకు మొదట అందనంత సన్నగా, బూజు పీపా కలిసింది. దాన్ని ఆపేశారు. అమ్మను జట్టులోంచి తీసేశారు, ఆ కాగితం నేనే టైపు చేశాను. ఇప్పుడామె మళ్ళీ లేబుళ్ళ దగ్గరే ఉంది. మధ్యాహ్నం భోజనానికి ఇద్దరం ఒకే బెంచీ మీద కూర్చుంటాం. పాత జట్టువాళ్ళు వచ్చి పలకరిస్తారు, వాతావరణం గురించి మాట్లాడి వెళ్ళిపోతారు.

శనివారాలు ఇంకా గ్లాసులు పెడుతూనే ఉన్నాను. పిన్ని వస్తుంది, ఎర్ర దీపం మీద తన జోకు తను వేసుకుంటుంది. నేను తేలికవి పొయ్యను. అమ్మ మూడూ వాసన చూసి, "తెలియట్లేదే" అంటుంది. నేను సరే అంటాను. వచ్చే శనివారం ఏమంటుందో అని నేనింకా ఎదురుచూస్తూనే ఉంటాను.

మా ఊరి విస్కీ ఎప్పుడైనా మీ చేతికి రావచ్చు. మూత తీసినప్పుడు పాకం వాసనో చెక్క వాసనో మీకు తగులుతుంది, బూజు తగలదు. అప్పుడు ఒక్క క్షణం గ్లాసు ఆపి, నాకు తెలియట్లేదు అని పళ్ళెం వెనక్కి జరిపిన మనిషిని తలుచుకోండి. ఆమె పేరు వెర్నా బాలార్డ్.